మోత చూసి కొన్న డిస్కు

మా కాలనీ పక్కనే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని ఉంది. అక్కడ రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ పెడతారు. ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే క్వార్టర్లలో ఎవరి పని వాళ్లు వదిలేసి లేస్తారు, తలా ఒక వస్తువు పట్టుకుంటారు. ఎవరూ చెప్పి నేర్పిన ఆచారం కాదిది. పక్కింటామె అద్దాల బీరువాకు వీపు ఆనించి నిలబడుతుంది. ఎదురింటాయన గోడ మీద ఉన్న పెద్దల ఫోటోలకు రెండు చేతులూ అడ్డం పెడతాడు. కొత్తగా చూసేవాళ్లు ఆయన దండం పెట్టుకుంటున్నాడని అనుకుంటారు. మా ఇంట్లో టీవీ నా వంతు. మా ఆయన డ్యూటీలో లేకపోతే గిన్నెల స్టాండు పట్టుకుంటాడు, డ్యూటీలో ఉంటే గిన్నెల ఖర్మ గిన్నెలది. మా అమ్మది మాత్రం ఎప్పుడూ ఒకటే వస్తువు. కంప్యూటర్ పక్కన ఉండే హార్డ్ డిస్క్.

ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన మా చుట్టం ఒకాయన ఇదంతా చూసి పగలబడి నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ నేను ఏదైనా అనేలోపే నేల అదిరింది, కిటికీ రెక్కలు గలగలమన్నాయి. ఆయన నవ్వు ఆపేసి గోడ పట్టుకున్నాడు. తర్వాత టీ తాగుతున్నప్పుడు కూడా కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

అమ్మ ఆ డిస్కును అంత జాగ్రత్తగా పట్టుకోవడానికి కారణం ఉంది. అందులో మా ఊరు ఉంది.

ఇప్పుడు మా ఊరు ఇంకెక్కడా లేదు. ఓపెన్‌కాస్టు కింద పోయింది. నేను పుట్టిన ఇల్లు, మా అమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు, దాని ముందున్న పోచమ్మ గుడి, నేను పలక పట్టుకుని పోయిన బడి, అన్నీ కలిసి ఒక పెద్ద గుంత అయ్యాయి. ఫోన్‌లో మ్యాపు తెరిచి చూస్తే బూడిద రంగు మెట్లు కనిపిస్తాయి, అంతే. రోజూ మధ్యాహ్నం పేలేది ఆ గుంతే. ఇక్కడికి వచ్చిన కొత్తలో బ్లాస్టింగ్ చప్పుడు వినపడితే చాలు, అమ్మ "మన ఊరు పేలుతున్నది బిడ్డా" అనేది. నేను కసురుకునేదాన్ని. "నీ అల్లుడు తెచ్చేది గూడ గదే కంపెనీ జీతమమ్మా" అనేదాన్ని. అన్నాక నాకే మనసు చివుక్కుమనేది.

ఊరు ఖాళీ చేయమన్నప్పుడు అందరూ నష్టపరిహారం గురించి, కొత్త ప్లాట్ల గురించి కొట్లాడుకుంటుంటే మా ఆయన ఒక్కడే విచిత్రమైన పని చేశాడు. పెళ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గర కెమెరా అద్దెకు తెచ్చి, ఊరంతా తిరిగి వీడియో తీశాడు. బస్సు దిగే చోటు నుంచి మొదలుపెట్టి ప్రతి వాడలోకీ పోయాడు, ప్రతి ఇంటి ముందూ నిలబడ్డాడు. మా ఇంట్లో అయితే వంటింటి గూళ్లు కూడా వదల్లేదు. ఆయనది ఆ ఊరు కాదు. ఆయన అల్లుడు మాత్రమే. ఊరివాళ్లు అప్పుడు ఆయన్ని చూసి మూతులు ముడిచారు, "పెండ్లి అనుకుంటున్నడా ఏంది" అన్నారు. నేను కూడా సిగ్గుతో తల దించుకున్నాను. కెమెరా తిరిగి ఇచ్చేటప్పుడు అందులో కార్డు ఖాళీ చేసి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే ఆ వీడియోలు ఒక్క హార్డ్ డిస్కులోనే మిగిలాయి.

తర్వాత తర్వాత అందరికీ అదే పెన్నిధి అయింది. ఊరి జనం చెల్లాచెదురయ్యారు. కొందరు పునరావాస కాలనీలో ఇళ్లు కట్టుకున్నారు, కొందరు నస్పూర్ వైపు పోయారు, కొందరు ఎటు పోయారో కూడా తెలియదు. మా అమ్మకు మాత్రం ఊరు కావాలంటే చేతికి అందేంత దూరంలో ఉండేది. పొద్దున పని ముగించుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, "మన వాడ పెట్టవే" అనేది. నేను పెట్టేదాన్ని. పోచమ్మ గుడి ముందు నుంచి కెమెరా మా గడపలోకి పోయే చోటు వచ్చిందంటే ఆమె కాళ్లు ముడుచుకునేది. గడప తొక్కకుండా దాటుతున్నట్టు. నిజంగానే.

ఒకనాడు అమ్మ మందుల కోసం కంపెనీ దవాఖానకు పోయింది. ఆ పూటే బ్లాస్టింగ్ మామూలు కంటే గట్టిగా పడింది. నేను టీవీ పట్టుకుని నిలబడ్డాను. నా కళ్ల ముందే హార్డ్ డిస్క్ బల్ల మీద మెల్లగా జరిగి, అంచు దాకా వచ్చి, వైరుకు ఒక్క క్షణం వేలాడి, నేల మీద పడింది. నేను కెవ్వుమన్నాను. టీవీ వదిలేసి ఉరికితే ఇప్పుడు టీవీ కూడా ఉండేది కాదు.

డిస్కు తిరిగి తగిలిస్తే పని చేసింది కానీ లోపల టిక్ టిక్ అని చప్పుడు మొదలైంది. అమ్మ ఇంటికొచ్చి ఆ చప్పుడు విన్నది. ముఖం తెల్లబోయింది.

"గదేం చప్పుడే? ఎవరన్న తలుపు కొడుతున్నరా లోపల?"

"ఏం లేదమ్మా, కొంచెం కింద పడ్డది."

"కొంచెం పడుడేందే? పడితే పడ్డట్టు, లేకుంటె లేనట్టు."

ఆ సాయంత్రమే నేనూ మా ఆయనా గోదావరిఖని పోయాం, మా కంప్యూటర్ బాగుచేసే దుకాణానికి. ఆ దుకాణం ఆయన పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. ఆయన పుట్టింది ఇక్కడే అయినా మాట ఇంకా అటువైపుదే. డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో తిరిగే పళ్లెం ఉంటుందండి. దెబ్బ తగిలింది. ఎంత తొందరగా కాపీ చేసుకుంటే అంత మంచిది. ఈసారి ఎస్ఎస్‌డీ తీసుకోండి. దాంట్లో తిరిగేది ఏదీ ఉండదు. అదిరినా భయం లేదు."

అదిరినా భయం లేదన్న మాట మా ఇంటి కోసమే పుట్టినట్టుంది. నేను వెంటనే చూపించమన్నాను. ఆయన అద్దాల అర లోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. చేతిలో పెడితే పెట్టినట్టే లేదు. ధర చెప్పాడు. నేను నోరెళ్లబెట్టాను. ఇంత ఉన్నదానికి అంత ధరా అని అడిగితే ఆయన, "కంపెనీ సరుకండి" అన్నాడు. ఎందుకంత అని మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట అన్నాడు. మంచి మనిషే కానీ విడమరచి చెప్పే గుణం లేదు.

మా ఆయన దాన్ని అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేశాడు. బైకు తాళంచెవితో దాని మీద టక్ టక్ అని కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ కొట్టాడు. మొహం చిట్లించి దుకాణం ఆయనకు తిరిగి ఇచ్చేశాడు.

"డొల్లగున్నదన్నా. లోపలేం లేదు."

"అది అట్టాగే ఉంటుంది సార్" అన్నాడు ఆయన. మా ఆయన అప్పటికే దుకాణం మెట్లు దిగుతున్నాడు.

మా ఆయన సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయనది భూగర్భ గనిలో పని. ఇక్కడి మాటలో బాయి పని. బాయిలో కొత్త చోటికి పోగానే మొదట చేసేది తల మీద బండను కర్రతో కొట్టి చూడడం. బండ గట్టిగా ఉంటే మోత గట్టిగా వస్తుంది. పొర విడిచి ఉంటే డొల్ల మోత వస్తుంది. డొల్ల మోత వస్తే అక్కడ నిలబడకూడదు. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చి ఏం కాదని చెప్పినా నిలబడకూడదు. ఒకసారి మా ఆయన కర్రతో కొట్టి, మోత బాగా లేదని తన గ్యాంగు మొత్తాన్ని వెనక్కి లాగాడు. వాళ్లు తిట్టుకుంటూ వెనక్కి జరిగారట. జరిగీ జరగగానే వాళ్లు నిలబడిన చోట బండ కూలింది. ఆ రోజు నుంచి ఆయన చెవి మీద నాకు నా తాళిబొట్టు మీద ఉన్నంత నమ్మకం. ఆయన కుండ కొట్టి చూసినా, పుచ్చకాయ కొట్టి చూసినా నేను నోరెత్తను. మా పెళ్లికి మంచం కొన్నప్పుడు కూడా నాలుగు కోళ్లూ కొట్టి చూశాడని మా అత్త చెప్పేది.

అందుకే ఆయన డొల్ల అన్నాడంటే ఆ దుకాణంలో అంత ధర పెట్టి ఆ ఖాళీ డబ్బా కొనడం నాకు కూడా మోసంగానే తోచింది. దారిలో దుకాణం ఆయన్ని నేనే నాలుగు మాటలు ఎక్కువ తిట్టాను.

ఆ వారమే మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టారు. రంగుల రాట్నం, మిర్చి బజ్జీలు, దుప్పట్లు, ప్లాస్టిక్ సామాన్లు. వాటి మధ్య ఒక ఫోన్ల సామాను స్టాలు. అక్కడ ఎస్ఎస్‌డీలు వంకాయల్లా కుప్ప పోసి ఉన్నాయి. నల్లటి ఇనుప డబ్బాలు, నిగనిగలాడుతున్నాయి. దుకాణంలో చూపించినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఫైళ్లు పడతాయని పైన రాసి ఉంది. ధర మాత్రం మా ఇంటి కూరగాయల ఖర్చుతో తేలిపోయేంత. నాకు కళ్లు తిరిగాయి. ఇంత తేడానా? మొన్నటి ఆయన మమ్మల్ని నిలువునా దోచుకోబోయాడన్నమాట.

మా ఆయన ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. ముఖం వికసించింది. తాళంచెవి తీసి కొట్టాడు. డొల్ల మోత లేదు. నిండుగా, గట్టిగా పలికింది. ఇంకొకటి తీశాడు, అదీ కొట్టాడు. పక్కన ఆగి చూస్తున్న ఇద్దరు ముగ్గురు కూడా బాయి వాళ్లే. వాళ్లూ తాళంచెవులు తీశారు. కాసేపట్లో స్టాలు ముందు పెద్ద టెస్టింగే నడిచింది. ఒకరు కొడుతున్నారు, ఇంకొకరు చెవి వంచుతున్నారు.

"గిది జర తక్కువున్నది, గది తియ్యన్నా."

"అరె, గిది సూడు, ఎంత గట్టిగున్నదో."

స్టాలు వాడు ఎక్కడివాడో, ఇలాంటి కొనుగోళ్లు ఎప్పుడూ చూసి ఉండడు. మొదట తెల్లబోయాడు. తర్వాత సంగతి అర్థమై, "బరువు చూడండి సార్, బరువు చూడండి" అని అరవడం మొదలుపెట్టాడు. అందరూ ఉన్నవాటిలో బరువైనవి ఏరుకున్నారు. మా ఆయనకు అన్నింటికంటే బరువైనది దొరికింది. దాన్ని జేబులో వేసుకుంటే చొక్కా ఒక పక్కకు లాగింది. నేను ఆయన పక్కన నడుస్తూ ఆ ఒరిగిన చొక్కాను చూసి మురిసిపోయాను.

ఇంట్లో కాపీ చేసే పని నాది. నేను ప్రైవేటు బడిలో టీచర్‌ని, పిల్లల మార్కులు, ప్రశ్నపత్రాలు అన్నీ కంప్యూటర్‌లోనే చేస్తాను. పాత డిస్కు టిక్ టిక్ అంటూనే ఉంది. అమ్మ నా వెనకే నిలబడి ఉంది. తెర మీద ఒక్కొక్క ఫైలు పేరూ పాత దాంట్లోంచి కొత్త దాంట్లోకి వచ్చింది. బస్సు స్టేజీ, పెద్ద వాడ, బడి, మా వాడ, పోచమ్మ గుడి, మా ఇల్లు. ఒక్కటి కూడా తప్పిపోలేదు. మొదటిది తెరిచి చూశాను. ఆడింది. అమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది.

మర్నాటికి పాత డిస్కు పూర్తిగా నోరు మూసుకుంది. కంప్యూటర్ దాన్ని గుర్తు కూడా పట్టలేదు. తెలిసినవాళ్ల చేత హైదరాబాద్ పంపించి చూశాం. లోపల పళ్లెం గీసుకుపోయింది, ఏమీ రాదని తిరిగి పంపించారు. అప్పుడు మేము ఏడవలేదు సరికదా, సమయానికి కాపీ చేసుకున్నామని నవ్వుకున్నాం. మా ఆయన పాత డిస్కును తాళంచెవితో ఒకసారి కొట్టి, "నువ్ రిటైర్ అయినవ్ పో" అన్నాడు.

కొత్త డిస్కు వచ్చాక కూడా అమ్మ అలవాటు మారలేదు. సైరన్ మోగితే దాన్ని తీసి కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకునేది.

"దీనికి అదురు భయం లేదమ్మా. వదిలెయ్" అనేదాన్ని.

"దానికి లేకపోతె నాకున్నది గదనే" అనేది.

ఆ తర్వాత బడిలో పరీక్షలు, నాకు జ్వరం, ఏవేవో పనులు. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు తెర చూడొద్దన్నారు. దానివల్ల వీడియోలు ఎవరూ తెరవలేదు. డిస్కు బల్ల మీద ఉంది, ఊరు డిస్కులో ఉంది, అంతే అనుకున్నాం.

ఇంతలో పునరావాస కాలనీలో పోచమ్మకు కొత్త గుడి కట్టాలని ఊరి ఆడవాళ్లు తలపెట్టారు. పాత విగ్రహం వాళ్ల దగ్గరే ఉంది. పునాది తవ్వారు. అక్కడే తగాదా వచ్చింది. పాత ఊళ్లో తల్లి ఎటు చూస్తూ ఉండేది? తూర్పుకని కొందరు, ఉత్తరానికని కొందరు. తల్లిని పాత ఊళ్లో ఉన్నట్టే నిలపాలి, లేకపోతే కీడు అని అందరి మాట. పని ఆగిపోయింది. పోచమ్మ గుడి మా ఇంటి ముందే ఉండేది కాబట్టి అమ్మను అడగడానికి వచ్చారు. అమ్మ తేలిగ్గా నవ్వింది.

"నన్నెందుకడుగుతరు? మా అల్లుడు వీడియో తీసిండు. పొద్దు పొడువంగ తీసిండు. నీడ ఎటు పడ్డదో సూస్తే ఆడనే తెలుస్తది. రేపు పగటీలి రాండ్రి, మీ ఊరు మీకు సూపిస్త."

అలా అన్నప్పుడు అమ్మ ముఖం చూడాలి. సొంత పొలంలో పండిన గింజలు పంచిపెడుతున్నట్టుంది.

మర్నాడు ఆడవాళ్లు ఆటో మాట్లాడుకుని వచ్చారు. చిన్న గది నిండిపోయింది. నేను బడికి సెలవు పెట్టాను. మా ఆయనకు ఆ వారం నైట్ షిఫ్టు, పగలు ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకు ఆ రోజు అల్లుడి మర్యాద కొత్తగా జరిగింది. ఒకప్పుడు మూతి ముడిచినవాళ్లే, "నువ్ దేవునోలె తీసినవ్ బిడ్డా" అంటుంటే ఆయన తల గోక్కుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

మొదటి వీడియో పెట్టాను. బస్సు దిగే చోటు. ఊరి పేరు రాసిన పలక. మట్టి రోడ్డు మీద కుక్క ఒకటి కెమెరా వంక చూసి పక్కకు తప్పుకుంది, వెనకే ఒక బర్రె నడిచి వచ్చింది. ఒకామె దిగ్గున లేచింది.

"అగో, మా బర్రె! గదే మా బర్రె!"

అందరూ ఘొల్లున నవ్వారు. బర్రె తోక ఊపుకుంటూ పోయింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ మళ్లీ కూర్చుంది. కెమెరా ఊళ్లోకి తిరిగే మలుపు దాకా వచ్చింది. అక్కడ ఆ ఫైలు అయిపోయింది.

"ఇగ మన వాడ పెట్టు" అన్నది అమ్మ.

పెట్టాను. తెర నల్లగా అయింది. ఈ ఫైలు తెరవలేకపోతున్నామని ఒక ముక్క వచ్చింది. నేను తప్పు నొక్కానేమో అనుకుని మళ్లీ నొక్కాను. అదే మాట. పోచమ్మ గుడి తెరిచాను. అదే మాట. మా ఇల్లు. అదే మాట. బడి, పెద్ద వాడ, ఏది నొక్కినా అదే. పేర్లు అన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ఒక్కొక్క దాని పక్కన ఎంత పెద్ద ఫైలో కూడా రాసి ఉంది. లోపల ఏమీ లేదు.

"నెట్టు లేదేమో" అన్నది ఒకామె.

"జరసేపాగుండ్రి. వస్తది" అన్నది అమ్మ. ఆమె చూపు తెర మీదే ఉంది.

మా ఆయన వచ్చి వైరు పీకి మళ్లీ పెట్టాడు. వేరే చోట పెట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. బస్సు స్టేజీ ఆడుతుంది, బర్రె తోక ఊపుతుంది, మలుపు వస్తుంది, అంతే. మూడోసారి బర్రె వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఫోన్ చేస్తే దుకాణం ఆయన మాత్రం ఏం చెబుతాడు? ఎగ్జిబిషన్‌లో కొన్నదని విన్నాక ఆయన చెప్పింది ఇది. ఇలాంటి వాటిలో లోపల ఫోన్‌లో వేసే చిన్న మెమరీ కార్డు అంత చోటే ఉంటుంది. చాలా ఉందని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా చేసి పెడతారు. ఆ కొంచెం చోటు నిండాక ఎంత వేసినా పేరు మాత్రమే కనిపిస్తుంది, సరుకు ఉండదు. స్పీకర్‌లో పెట్టి ఉండడంతో అందరూ విన్నారు. అర్థమైనవాళ్లకు అర్థమైంది.

"గట్లెట్లయితది?" అన్నాడు మా ఆయన. "నేను మోత సూసిన గద!"

ఆయన వంటింట్లోకి పోయి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. డిస్కును బల్ల మీద పెట్టి అంచులో గుచ్చి తిప్పాడు. డబ్బా పైకప్పు పటుక్కుమని ఊడింది. మేమందరం వంగి చూశాం. లోపల ఒక పక్కన గోరంత చిన్న పచ్చ ముక్క ఉంది. మిగతా డబ్బా అంతా గట్టిపడిన జిగురు. ఆ జిగురు మధ్యలో ఒక ఇనుప ముక్క.

బరువు అదీ. నిండుగా పలికిన మోత అదీ.

ఏ లోకంలో ఎవడు కూర్చుని ఇది చేసి ఉంటాడు? బరువు చూసి కొనే మనుషులు ఉంటారని, కొట్టి చూసే మనుషులు ఉంటారని వాడికి ఎవరు చెప్పారు? తేలిక సరుకును దొంగ సరుకన్నాం, దొంగ సరుకును ముద్దు పెట్టుకుని తెచ్చుకున్నాం. ఇన్నేళ్లు ఆయన ప్రాణం కాపాడిన చెవి ఇది. బండ కింద ఎన్నడూ తప్పలేదు.

మా ఆయన ఇనుప ముక్కను పీకి చేతిలో పట్టుకున్నాడు. తాళంచెవి తీసి దాని మీద కొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు. ఖంగుమన్నది. ఆయన నేల మీదే కూర్చుండిపోయాడు.

చివరికి ఒకామె మెల్లగా అడిగింది. "గట్లయితే పోచమ్మ సంగతేంది? ఎటు నిలుపుదం తల్లిని?"

అందరూ అమ్మ వైపు తిరిగారు.

"తూర్పుకే" అన్నది అమ్మ వెంటనే. "తూర్పుకే గద?" అన్నది మళ్లీ. ఆమె చెయ్యి గాలిలో లేచి, ఒక పక్కకు తిరిగి, మధ్యలో ఆగిపోయింది. అప్పుడు నా వైపు చూసింది.

"మన గడపల నిలవడితె తల్లి మొకం కనవడుతుండెనా బిడ్డా, పక్కకుంటుండెనా?"

నేను పుట్టిన ఇల్లు అది. ఆ గడపలో కూర్చుని నేను జడ వేయించుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచాను. కళ్లు మూసుకుంటే నాకు కనిపించింది గడప కాదు, వీడియో. తెర మీద గుడి కుడి వైపు నుంచి వచ్చి ఎడమ వైపుకు పోతుంది. తల్లి మొహం ఎటు ఉందో అందులో నాకు కనపడడం లేదు. ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. అన్నిసార్లు చూసి ఊరిని పక్కన పెట్టేశాం, డిస్కులో భద్రంగా ఉందని. నాకు భయం వేసింది. దొంగ డిస్కు చూసి కూడా అంత భయం వేయలేదు.

"నాకు యాదికి వస్తలేదమ్మా" అన్నాను.

అమ్మ మా ఆయన వైపు తిరిగింది. ఆ గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"నువ్ తీసినవ్ గద బిడ్డా. ముందట నిలవడి తీసినవ్. నువ్ చెప్పు."

ఆయన తల ఎత్తలేదు. చేతిలో ఇనుప ముక్కను చూస్తూనే అన్నాడు.

"నేను కండ్లతోని చూడలే అత్తమ్మా. కెమెరాలకెల్లే చూసిన."

అప్పుడే సైరన్ మోగింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? నేను లేచి టీవీ పట్టుకున్నాను. మా ఆయన నేల మీద నుంచి లేచి గిన్నెల స్టాండు దగ్గరికి నడిచాడు. వచ్చిన ఆడవాళ్లు కూడా ఈ గని పక్కన బతికేవాళ్లే కదా, ఎవరికి అందింది వాళ్లు పట్టుకున్నారు. ఒకామె ఫ్యాను స్టాండు, ఒకామె మంచినీళ్ల బిందె. నేల అదిరింది. విప్పి పెట్టిన డబ్బా బల్ల మీద మెల్లగా జరగడం మొదలుపెట్టింది.

అమ్మ దాన్ని చూస్తూ కూర్చుంది. లేవలేదు.